ముక్క తీస్తే క్యాన్సర్ పాకుద్దా? నోటి పుండ్లు, మెడ గడ్డలు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో పాథాలజిస్టుని, అంటే ముక్కల్నీ కణాల్నీ మైక్రోస్కోపులో చూసి జబ్బేదో చెప్పే డాక్టర్ని. ముక్క పరీక్షకైతే (బయాప్సీ) నా టేబుల్ మీదికి సీసా ఒక్కటే వస్తుంది. గడ్డలోంచి సూదితో కణాలు లాగి చూసే సూది పరీక్షకు మాత్రం మనిషే వస్తారు, వెంట ఇంట్లోవాళ్లు నలుగురు. కింది మాటలన్నీ అప్పుడు విన్నవే.

అపోహ: “కత్తి పెడితే కదిలిపోద్ది, సూది గుచ్చితే పాకుద్ది అంట కదా మేడమ్?”

కనిగిరి నుంచి వచ్చినా, టంగుటూరు నుంచి వచ్చినా ముందు అడిగేది ఇదే. నోటి పుండు నుంచి ముక్క తీసినంత మాత్రాన క్యాన్సర్ పాకదు. పుండు అంచున, పక్కనున్న మంచి చర్మం కూడా కాస్త కలిసేలా చిన్న ముక్క తీసి, అది పాడవకుండా ఫార్మలిన్ అనే మందునీళ్లలో వేస్తారు. నట్టనడుమ తీస్తే చచ్చిన కండ వస్తుంది, దాన్ని చూసి నేనేం చెప్పలేను.

ఈ భయం ఊరికే పుట్టిందని కూడా అనను. చెవి కింద లాలాజల గ్రంథిలో ప్లియోమార్ఫిక్ అడినోమా అనే గడ్డ వస్తుంది. క్యాన్సర్ కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని పైనుంచి కోసి ముక్క తీస్తే పొర చిట్లి కణాలు చుట్టూ చిందుతాయి, ఏళ్ల తర్వాత నాలుగైదు చోట్ల మళ్లీ గడ్డలు లేవొచ్చు. అందుకే అక్కడ ముందు సన్నసూది పరీక్షే చేస్తాం. ఆపరేషన్‌లో గడ్డను చుట్టూ ఉన్న గ్రంథితో కలిపి తీస్తారు. మెడలో బిళ్లనూ అంతే, నోరూ గొంతూ చూడకుండా కోసి తీసేయకూడదు. అసలు జబ్బు టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో దాక్కుని ఉండొచ్చు. కాబట్టి డాక్టరుని ‘ఎక్కడ, ఎలా తీస్తారు’ అని అడగండి. అసలు తీయొద్దని మొండికేయకండి.

అపోహ: “మెడలో బిళ్లలంటే టీబీనే.”

మన దగ్గర చాలామందికి అది నిజమే. స్లైడ్ మీద గ్రాన్యులోమాలు (రక్షణ కణాలు గుమిగూడిన చిన్న ముద్దలు), వాటి నడుమ జున్నులా చచ్చిన పదార్థం కనిపిస్తే టీబీ వైపే చూస్తాం. కానీ నలభై దాటి, పొగాకు అలవాటున్న మనిషికి మెడలో బిళ్ల గట్టిపడితే ఆ లెక్క చాలదు. అలాంటి ఒకాయనకు సూది పెడితే పసుపుపచ్చని చీము వచ్చింది. టీబీ చీమే అనిపించేలా ఉంది. పాప్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే ఆ చెత్త మధ్యలో కెరాటిన్ (చర్మాన్ని గట్టిపరిచే పదార్థం) నిండిన నారింజ రంగు కణాలు, వంకరటింకర నల్లటి కేంద్రకాలు. అంటే అది క్యాన్సర్. నోరు తెరిపించి చూస్తే నాలుక పక్కన పుండు ఉంది. నొప్పి లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు.

అపోహ: “నొప్పి లేదు, భయం లేదు.”

తిరగేసి చదవండి. మామూలు నోటిపూత మంటపుడుతుంది, వారం పది రోజుల్లో మానుతుంది. క్యాన్సర్ పుండు మొదట్లో తరచూ నొప్పి పెట్టదు, వేలితో తాకితే అడుగు గట్టిగా తగులుతుంది. రెండు వారాలు దాటిన పుండునీ, గీకినా ఊడని తెల్లమచ్చనీ చూపించాల్సిందే. ఎర్రమచ్చ అంతకన్నా ప్రమాదం.

అపోహ: “చుట్ట ముట్టను, ఉత్త వక్కపొడే.”

పొగాకు జిల్లా కదా, అందరి అనుమానమూ చుట్ట మీదే. 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వక్కతో బుగ్గల లోపల నారలు పేరుకుని నోరు బిగుసుకుపోతుంది. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే చూపించుకోండి.

అపోహ: “రిపోర్టులో క్యాన్సర్ లేదన్నారు, ఇక వదిలేయొచ్చు.”

పుండు మానితే సరే. మానకపోతే ముక్క పైపైన వచ్చి ఉండొచ్చు, మళ్లీ తీయించాలి. వైద్యానికి చెన్నైకో వేలూరుకో వెళ్తుంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోకండి. ల్యాబులో అడిగి స్లైడ్లు, మీ ముక్కను దాచిన మైనపు బ్లాకులు తీసుకెళ్లండి. చాలాసార్లు రెండోసారి ముక్క తీసే పని తప్పుతుంది.