పెనం చప్పుడు వినండి

పిల్లలూ,

మొన్న రాత్రి మీరు ఫోన్ చేసినప్పుడు మాటల వెనకాల నాకు పెనం చప్పుడు వినిపించింది. "మధ్యధరా బౌల్ చేస్తున్నాం, స్టీక్ వేశాం పెద్దమ్మా, ఇంకో పది నిమిషాల్లో తినేస్తాం" అన్నాడు చిన్నోడు. ఆ పూట భోజనం మీకు రుచించదని నాకు అప్పుడే తెలిసిపోయింది. వినిపించింది చుర్రుమనే చప్పుడు కాదు, బుడబుడ. మాంసం వేగడం లేదు, తన నీళ్లలో తానే ఉడుకుతోంది. అనుకున్నట్టే మర్నాడు పొద్దున్నే పెద్దది మెసేజ్ పెట్టింది. మాంసం తోలు నమిలినట్టు ఉందట, కింద ధాన్యం ముద్దయిపోయిందట, కీరా నీళ్లు కారి గిన్నె అడుగున చెరువు కట్టిందట. అరగంట వంట అని చూసి మొదలుపెడితే గంటన్నర పట్టిందట.

ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే ఈ ఉత్తరం.

మీరు బద్ధకించి పాడుచేయలేదు. అక్కర్లేని చోట చేతులు పెట్టి పాడుచేశారు. ధాన్యాన్ని కలుపుతూ కూర్చున్నారు, మాంసాన్ని నిమిషానికోసారి తిరగేశారు, దింపీ దింపగానే కోసేశారు. ఈ వంటలో సగం పని వాటిని వాటి మానాన వదిలేయడమే. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రికి ఇది సరిపోయేది కూడా అందుకే.

ముందు ఆ గిన్నె సంగతి చూద్దాం. అడుగున ఒక ధాన్యం, పైన కూరగాయలు, పుల్లగా ఒక సాస్, కాసిని ఆకులు, వాటి మీద కాల్చిన మాంసం. మధ్యధరా సముద్రం చుట్టూ మూడు ఖండాల దేశాలున్నాయి. ఈ దినుసులు ఆ వంటిళ్లలో పాతవే, అన్నీ ఒకే గిన్నెలో పేర్చి బౌల్ అనడమే కొత్త. 1958లో యాన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏడు దేశాల్లో మగవాళ్ల తిండినీ గుండె జబ్బుల్నీ పరిశీలించడం మొదలుపెట్టాడు. అందులో గ్రీసు వాళ్ల క్రీట్ దీవి జనం కూడా ఉన్నారు. వాళ్లు ఆలివ్ నూనె, రొట్టె, పప్పుగింజలు, ఆకుకూరలు దండిగా తినేవాళ్లు. మాంసం మాత్రం కొంచెమే. అరకిలో స్టీక్ పక్కన నాలుగు ఆలివ్ కాయలు పెట్టి దానికి మధ్యధరా అని పేరు పెట్టడం నాకు నవ్వు తెప్పిస్తుంది. మీ ముగ్గురికీ కలిపి 350 గ్రాములు చాలు. పలచగా కోసి పరిస్తే ఎంతో కనిపిస్తుంది.

ధాన్యం దగ్గర కాసేపు ఆగుతాను. మీరు వాడింది ఏదో చెప్పలేదు గానీ, వారం మధ్యలో రాత్రి పూటకి నేనైతే బుల్గర్ తప్ప ఇంకోటి ఎత్తుకోను. గోధుమల్ని ముందే ఉడికించి, ఎండబెట్టి, మర పట్టి చేస్తారు దాన్ని. చూడ్డానికి గోధుమ రవ్వలాగే ఉంటుంది. కానీ రవ్వ పచ్చిది, ఇది ఒకసారి ఉడికి వచ్చింది. అందుకే పొయ్యి మీద ఎక్కువసేపు పట్టదు. లావు రకమైతే కప్పుకి రెండు కప్పుల నీళ్లు, అర చెంచా ఉప్పు. మరిగాక మూత పెట్టి, సన్నని మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఆపేశాక మూత తీయకుండా ఇంకో పది నిమిషాలు. ఈ పాతిక నిమిషాల్లో గరిటె దాని జోలికి వెళ్లకూడదు. కలిపిన కొద్దీ గింజలు చితికి పిండి బయటికొస్తుంది. మీకు ముద్దయింది అందుకే. చివర్లో ఫోర్క్‌తో పైపైన విడదీసి, వేడి మీదే ఒక చెంచా నిమ్మరసం, రెండు చెంచాల ఆలివ్ నూనె, కాస్త మిరియాల పొడి చల్లండి. వేడిగా ఉన్నప్పుడు పులుపూ నూనే లోపలికి ఇంకుతాయి. చల్లారాక వేస్తే పైనే ఉండిపోతాయి. సన్న రకం బుల్గర్‌కి పొయ్యి కూడా అక్కర్లేదు, మరుగుతున్న నీళ్లు పోసి మూత పెట్టేస్తే సరి.

ఇంకా తొందరగా కావాలంటే కుస్‌కుస్ ఉంది, వేడి నీళ్లు పోస్తే ఐదు నిమిషాలు. అది గింజ కాదు సుమా, గోధుమ రవ్వని తడిపి ఉండలు కట్టించి చేసేది. ఉత్తర ఆఫ్రికా ఇళ్లలో దానికెంత మర్యాదంటే, అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, మారిటేనియా నాలుగూ కలిసి అడిగితే 2020లో యునెస్కో ఆ వంట విద్యని వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీ వాళ్లు ఫారో అని పిలిచే పాతకాలపు గోధుమ, పచ్చి గోధుమ వెన్నుల్ని మంటలో కాల్చి తీసే ఫ్రీకే, ఇవి నాకు రుచిలో ఇంకా ఇష్టం. ఆ ఫ్రీకేలో పొగ వాసన ఉంటుంది, మాంసం పక్కన అద్భుతం. కాకపోతే వీటికి అరగంట దాకా పట్టొచ్చు. సెలవు రోజు ఎక్కువ వండి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కినోవాతో కూడా చేస్తారు. అది దక్షిణ అమెరికా ఆండీస్ కొండలది, మధ్యధరాతో సంబంధం లేదు. అయినా రుచికి పాస్‌పోర్టు అడగం కదా, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వెళ్లిందే.

ఇక మాంసం. గొడ్డు మాంసమైనా, గొర్రె కాలి ముక్కైనా పద్ధతి ఒకటే. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క అడగండి. పలచటి ముక్క పైన రంగు వచ్చేలోపే లోపల ఎండిపోతుంది. ఇంటికి రాగానే, చెప్పులు విడిచాక చేసే మొదటి పని దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, కాగితం తువ్వాలుతో గట్టిగా అద్ది, రెండు వైపులా ఉప్పు చల్లడం. తర్వాత స్నానానికి పోండి. ఉప్పు మొదట లోపలి నీటిని పైకి లాగుతుంది. నలభై నిమిషాలు ఆగితే ఆ ఉప్పునీరు చాలావరకు మళ్లీ లోపలికి ఇంకుతుంది. అంత వ్యవధి లేకపోతే సరిగ్గా పెనం మీద వేసే ముందు చల్లండి. మధ్యలో పదిహేను, ఇరవై నిమిషాల దగ్గర వేశారో, పైన చెమట పట్టి ఉండగా పెనం ఎక్కిస్తారు. పొయ్యి ఎక్కించే ముందు ఎలాగూ ఇంకోసారి పొడిగా అద్దాలి.

ఎందుకింత గొడవ అంటారా? నీళ్లు వంద డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి. మాంసం ముదురు గోధుమ రంగుకి తిరిగి, ఆ కమ్మటి వాసన రావాలంటే పైభాగం నూట నలభై దాటాలి. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి చేసే ఈ మార్పుని 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. పైన తడి ఉన్నంతసేపూ పెనం వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, వంద దాటదు. మీ బుడబుడ అదే.

కాబట్టి మందపాటి పెనం, ఇనుపదైతే మరీ మంచిది, పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా కాలనివ్వండి. చెంచా నూనె వేస్తే అది నీళ్లలా పరుగెత్తి, సన్నగా పొగ మొదలయ్యే ముందు మాంసం పెట్టండి. కిటికీ తెరిచి పెట్టుకోవడం మర్చిపోకండి, పొగ అలారం మోగితే పక్కింటివాళ్లు కూడా భోజనానికి వచ్చేస్తారు. మూడు ముక్కలుంటే మూడూ ఒకేసారి ఇరికించొద్దు, పెనం చల్లబడి మళ్లీ ఆవిరి పడుతుంది. పెట్టాక మూడు నిమిషాలు ముట్టుకోకండి. మొదట అంటుకున్నట్టే ఉంటుంది, రంగు తిరిగాక తనంతట తానే వదులుతుంది. లాగితే రావడం లేదంటే ఇంకా కాలేదని అర్థం. తిరగేసి ఇంకో మూడు, నాలుగు నిమిషాలు.

ఇలా పెద్ద మంట మీద కాలిస్తే పైన పొర బిగుసుకుని రసం లోపలే ఉండిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పందొమ్మిదో శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అన్న మాట అది. నేను కూడా ఇరవయ్యేళ్లు అదే నమ్మి, వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పాను. నిజానికి ఆ పొర దేన్నీ ఆపదు. కాల్చేది రుచి కోసం. రసం నిలిచేది లోపలి వేడి మించకుండా చూసుకున్నప్పుడు.

లోపలి వేడిని కంటితో కనిపెట్టడం నాకే ఇప్పటికీ అన్నిసార్లూ రాదు. సూది థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. హోటళ్లలో మీడియం రేర్ అని, అంటే లోపల కాస్త ఎర్రగానే ఉంచి, ఇచ్చేది సుమారు 54 నుంచి 57 డిగ్రీల మధ్య ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ భద్రత కోసం చెప్పే లెక్క 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విశ్రాంతి. నేను 60 దగ్గర దింపి పళ్లెంలో పెడతాను, అక్కడే ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కుతుంది. 63 చూపించాకే కోస్తాను. ఖీమాకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. ముక్కలో క్రిములు పైనే ఉంటాయి, పెనం చూసుకుంటుంది. ఖీమా కొట్టినప్పుడు అవి లోపలికంటా కలిసిపోతాయి. దానికి 71 దాకా పోవాల్సిందే.

దింపిన మాంసాన్ని ఏడెనిమిది నిమిషాలు వదిలేయండి. ఈ వ్యవధిలో చేతులు ఊరుకోవని నాకు తెలుసు. అందుకే మీకో పని. అదే పెనంలో చీల్చిన క్యాప్సికం, చిన్న టమాటాలు, ఉడికిన కాబూలీ శనగలు ఒక గుప్పెడు వేసి, కొంచెం నీళ్లు చిలకరించి, అడుగున అంటుకున్న గోధుమ రంగు మాడుని అట్లకాడతో గీకండి. గిన్నెలోకెల్లా రుచైనది అదే, సింకులో పారబోయకండి.

తర్వాత కోయడం. మాంసంలో పోగులు ఒకే దిక్కుకి పరుగెత్తుతుంటాయి, వెలుతురులో పెట్టి చూడండి. వాటికి అడ్డంగా, కత్తి కాస్త వాల్చి, పలచగా కోయాలి. పోగు వెంబడే కోస్తే ఆ పొడుగు నారల్ని తెంపే పని మీ పళ్లకి పడుతుంది. పొట్ట భాగం నుంచి వచ్చే ఫ్లాంక్, స్కర్ట్ లాంటి ముక్కలకి ఇది మరీ ముఖ్యం. పెద్దది తోలు అన్నదాంట్లో సగం ఈ కత్తి చేసిన పనే అని నా అనుమానం. పళ్లెంలో ఊరిన రసాన్ని ధాన్యం మీద పోసేయండి.

మిగతావి తేలిక. కీరాని గింజల భాగం గీకేసి ముక్కలు చేసి, ఉప్పు చల్లి జల్లెడలో పావుగంట ఉంచి పిండితే చెరువు కట్టదు. ఎర్ర ఉల్లిపాయని సన్నగా తరిగి నిమ్మరసంలో వేస్తే ఘాటు తగ్గి, కాసేపటికి గులాబీ రంగుకి తిరుగుతుంది. వెల్లుల్లిని కూడా నిమ్మరసంలోనే నూరండి, పులుపు దాని ఘాటుని పెరగనివ్వదు. అందులో చిక్కటి పెరుగు కలిపితే ఒక సాస్. తహినీ, అంటే నువ్వుల ముద్ద, కలిపితే ఇంకో సాస్. తహినీలో నిమ్మరసం పడగానే సిమెంటులా గడ్డకడుతుంది. పాడైందనుకుని పారేయకండి. చల్లటి నీళ్లు చెంచా చెంచా పోస్తూ గిలకొడితే తెల్లగా, మీగడలా విప్పారుతుంది. కొత్తిమీరలా కనిపించే పార్స్లీ ఆకు, పుదీనా బొత్తిగా పిసినారితనం లేకుండా వేయండి. ఫెటా చీజ్ పొడి చేసి చల్లితే ఉప్పు దాంట్లోనే ఉంటుంది, మిగతావాటిలో చెయ్యి వెనక్కి తీసుకోండి.

మిగిలిపోతే అన్నీ కలిపి ఒకే డబ్బాలో కుక్కకండి. ధాన్యాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వండినా చావని క్రిమి బీజాలు కొన్ని గింజల్లో ఉంటాయి, గది వేడిలో రాత్రంతా ఉంచితే అవి పెరిగి విషం చేస్తాయి. ఫ్రిజ్‌లోనైతే మూడు రోజులు నిశ్చింత. మిగిలిన మాంసాన్ని మైక్రోవేవ్‌లో మళ్లీ కాల్చకండి. చల్లగానే సన్నగా కోసి, వేడి ధాన్యం మీద పెడితే ఆ వేడే చాలు.

ఈసారి మాంసం వేసే ముందు నాకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి పెనం పక్కన ఉంచండి. మీరేం మాట్లాడక్కర్లేదు. నేను వింటాను.

మీ పెద్దమ్మ