గాలి పెంచితే మిర్చి త్వరగా ఎండుతుందా?

గుంటూరు చుట్టుపక్కల కల్లాల్లో మిర్చి ఎండబోసిన రోజుల్లో మబ్బు పడితే అందరికీ డ్రయర్ గుర్తొస్తుంది. కాయ ఎండకపోతే ముందు పెంచేది బ్లోయర్ వేగమే. ఆ పని ఎంతవరకు సరైనదో తేలడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది.

75 శాతం తేమ ఉన్న 100 కిలోల పండు మిర్చిని 10 శాతానికి దించితే మిగిలేది 28 కిలోలు. తక్కిన 72 కిలోల నీరు ఆవిరి కావాలి. కిలోకు 2,400 కిలోజౌళ్ల చొప్పున అది 173 మెగాజౌళ్లు, అంటే 48 యూనిట్లు. వృథాగా పోయే వేడి దీనికి అదనం.

వేడి కాయలోకి వెళ్లాలి, తేమ బయటికి రావాలి, గాలి కదులుతూ ఉండాలి. ఈ మూడింటినీ శాస్త్రం విడివిడిగానే నేర్చుకుంది. ద్రవాల జిగట గురించి న్యూటన్ 1687లో చెప్పాడు. ఘనపదార్థంలో వేడి ప్రవాహానికి ఫోరియర్ 1822లో సూత్రం కట్టాడు. అదే అచ్చులో 1855లో వ్యాపనానికి, అంటే పదార్థం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకడానికి, సూత్రం ఇచ్చిన ఫిక్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. గాలిలోని సుడులు వేడినీ ద్రవ్యవేగాన్నీ (కదలికలోని ఊపు) కలిపే మోసుకెళ్తాయని 1874లో రేనాల్డ్స్ గుర్తించాడు. ద్రవ్యరాశి బదిలీని, అంటే తేమ గాలిలోకి చేరడం వంటిదాన్ని, కూడా ఆ లెక్కలోకి తెచ్చి, 1934లో చిల్టన్, కోల్బర్న్ ఇంజినీర్లకు పనికొచ్చే రూపం ఇచ్చారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ట్రేల మీదుగా వెళ్లే గాలి వేగం రెట్టింపు చేస్తే ఉష్ణ బదిలీ గుణకం (గాలి నుంచి కాయకు వేడి ఎంత చురుగ్గా చేరుతుందో చెప్పే అంకె) సుమారు 1.74 రెట్లే అవుతుంది. పీడన నష్టం, అంటే అడ్డంకులు దాటడంలో గాలి కోల్పోయే ఒత్తిడి, మాత్రం దాదాపు 4 రెట్లు, ఫ్యాన్‌కు పట్టే కరెంటు 8 రెట్లు. పైగా కాయల వెనుక, ఫ్రేముల వెనుక లేచే సుడులకు పోయే పీడనం ఆరబెట్టడానికి అంతగా అక్కరకు రాదు.

తొక్క మీది తడి పోయాక గాలి పెంచడం దాదాపు దండగ. అప్పటినుంచి వేగాన్ని నిర్ణయించేది లోపలి వ్యాపనం. మిర్చి తొక్క మైనపు పొరతో ఉంటుంది, తేమను అంత తేలిగ్గా వదలదు. వ్యాపనానికి పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చీల్చిన కాయ ముందు ఎండుతుంది. ఆత్రపడి వేడి బాగా పెంచితే రంగు నల్లబడుతుంది.

అందుకే ఈ దశలో బ్లోయర్ తగ్గించి, తేమ బాగా పట్టని గాలిని కొంత మళ్లీ లోపలికి తిప్పుకోవాలి, ట్రేలు మార్చుతుండాలి. ఊపితే గింజలు గలగలమన్నా తొడిమ దగ్గర విరిచి చూడాలి. అక్కడ మెత్తగా ఉంటే బస్తాలో బూజు పడుతుంది.