చిన్న గేరులో సిగ్గేముంది? ఘాట్ ఎక్కే సైకిల్‌పై అపోహలు - వాస్తవాలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లంగర్‌హౌజ్‌లో కలుస్తాం. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్ దాటాక అనంతగిరి. కొత్తవాళ్ళకు ఎత్తు ఎక్కడం నేర్పడం నా పని. ఘాట్ మొదటి మలుపులోనే ఎవరికి ఇబ్బంది వస్తుందో తెలిసిపోతుంది. వాళ్ళలో చాలామందికి బలం బాగానే ఉంటుంది. ఎవరో చెప్పిన తప్పుడు మాట నమ్మి వచ్చి ఉంటారు, అంతే.

అపోహ: చిన్న గేరు చేతకానివాళ్ళకు

అన్నిటికంటే ఎక్కువమందిని బాధపెట్టే మాట ఇదే. చిన్న గేరంటే పెడల్ తేలిగ్గా తిరిగే గేరు. నా మొదటి గేర్ల సైకిల్‌కు ముందు, పెడల్ దగ్గర, చిన్న పళ్ళచక్రం 39 పళ్ళది, వెనక అన్నిటికంటే పెద్దది 25 పళ్ళది. "మీరు బలంగానే ఉన్నారు కదన్నా, ఇది చాలు" అన్నాడు అమ్మినతను. నేనూ నమ్మాను. ఆ గేరుతోనే నెల రోజులు మొండిగా అనంతగిరి ఎక్కి, మోకాలిచిప్ప కింద నొప్పి తెచ్చుకుని, ఆరు వారాలు సైకిల్ ముట్టలేదు.

లెక్క చూడండి. 10 శాతం ఎత్తులో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. 39-25 గేరులో పెడల్ నిమిషానికి దాదాపు 40 సార్లు మాత్రమే తిరుగుతుంది. ముందు 34, వెనక 34 ఉంటే అదే వేగానికి 63 సార్లు తిరుగుతుంది. మనిషి అదే, బరువు అదే, వేగం అదే, మొత్తం పని కూడా అదే. కానీ పెద్ద గేరులో ఒక్కో తొక్కుడుకు పెట్టాల్సిన బలం ఒకటిన్నర రెట్లు. ఆ తేడా అంతా మోకాళ్ళే మోస్తాయి. చిన్న గేరులో ఆ భారం గుండెకూ ఊపిరితిత్తులకూ మళ్ళుతుంది. ఆయాసం పది నిమిషాల్లో తగ్గిపోతుంది, మోకాలి నొప్పి అంత త్వరగా తగ్గదు.

ఈ సిగ్గు మన దగ్గర పుట్టింది కూడా కాదు. ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డెరైల్యూర్ గేర్లను, అంటే చైన్‌ను ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదానికి జరిపే గేర్లను, పోటీదారులకు అనుమతించలేదు. పందెం మొదలుపెట్టిన ఆన్రీ డెగ్రాంజ్‌కు గేర్లంటే పడేది కాదు. అప్పటిదాకా కొండ రాగానే దిగి, వెనక చక్రం విప్పి, దాని రెండోవైపున్న పెద్ద పళ్ళచక్రం చైన్‌కు వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్ళు. ఈ రోజు అదే పందెంలో ప్రపంచంలోకెల్లా బలమైనవాళ్ళు నిటారు కనుమల్లో చిన్న గేర్లే వాడుతున్నారు.

కాబట్టి ఘాట్‌కు వెళ్ళేముందు వెనక పెద్ద పళ్ళచక్రం 32 లేదా 34 పళ్ళది ఉండే క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల కట్ట) వేయించుకోండి. మీ డెరైల్యూర్ అంత పెద్ద పళ్ళచక్రానికి సరిపోతుందా, చైన్ పొడవు చాలుతుందా అని మెకానిక్‌ని అడగండి. ఎత్తు మొదలవకముందే గేరు మార్చాలి. బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ పడిపోతుంది, ఒక్కోసారి తెగుతుంది.

అపోహ: 10 శాతం ఎత్తు అంటే 10 డిగ్రీలు

కాదు. అడ్డంగా 100 మీటర్లు పోతే 10 మీటర్లు పైకి లేస్తే 10 శాతం. డిగ్రీల్లో 5.7 మాత్రమే. వినడానికి చిన్నదే కానీ, అలా ఒక్క కిలోమీటరు తొక్కితే దాదాపు రెండు చార్మినార్‌ల ఎత్తు ఎక్కినట్టు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో ఉన్న బాల్డ్‌విన్ స్ట్రీట్ ప్రపంచంలోనే అత్యంత నిటారు వీధిగా పేరుపొందింది. దాని ఏటవాలు సుమారు 35 శాతం, అంటే 20 డిగ్రీలు కూడా లేదు. అంత ఎత్తులో ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. సీటు ముందు కొసకు జరిగి, మోచేతులు వంచి, ఛాతీ హ్యాండిల్ మీదికి దించాలి. పూర్తిగా లేచి నిలబడితే వెనక చక్రం పట్టు తప్పి జారుతుంది.

అపోహ: తేలిక సైకిల్ కొంటే కొండ సులువవుతుంది

మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. ఒక కిలో తగ్గితే గంటసేపు ఎక్కే కొండమీద ముప్పావు నిమిషం కలిసొస్తుంది. ఆ కిలో తగ్గించడానికి పెట్టే డబ్బుతో క్యాసెట్, మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్‌లు వచ్చేస్తాయి.

అపోహ: హైదరాబాద్‌లో కొండలెక్కడున్నాయి?

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లు ఊరికే రాలేదు. మన ఊరు గ్రానైట్ గుట్టల మీదే ఉంది. ఆదివారం ఆరు లోపు, ట్రాఫిక్ లేనప్పుడు, 40 మీటర్లు లేచే ఒక్క గుట్ట రోడ్డు 25 సార్లు ఎక్కితే వెయ్యి మీటర్లు అవుతుంది. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ ఆ విసుగులోనే కాళ్ళకు లయ కుదురుతుంది.

అపోహ: ఇక్కడ బాగా ఎక్కేవాడు లడఖ్‌లోనూ ఎక్కేస్తాడు

ఈ ఒక్కటీ ప్రాణం మీదికి తెస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ 3,500. అక్కడి భాషలో 'లా' అంటేనే కనుమ. ఖర్దుంగ్ లా దగ్గర చాలాకాలం 18,380 అడుగులు అని బోర్డు ఉండేది, కొలిస్తే తేలింది సుమారు 17,580 అడుగులే, అంటే 5,359 మీటర్లు. అయినా అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21 శాతమే, ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో శ్వాసకు అందేది తగ్గిపోతుంది.

ఫిట్‌నెస్ ఎత్తు జబ్బును ఆపలేదు. బలముంది కదా అని తొందరగా పైకి పోతే వాళ్ళకూ ప్రమాదమే. విమానంలో దిగితే కనీసం రెండు రోజులు సైకిల్ ముట్టకండి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోండి. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి వెళ్ళొద్దు. తగ్గకపోతే కిందికి దిగండి. మందుల సంగతి బయల్దేరకముందే డాక్టర్‌తో మాట్లాడండి.

అపోహ: దిగేటప్పుడు ముందు బ్రేక్ ముట్టకూడదు

ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే. ఒక్కసారిగా నొక్కడమే తప్పు. శరీరం కాస్త వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కలిపి, మలుపు రాకముందే వేగం తగ్గించండి. దారి పొడవునా పట్టి ఉంచితే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంది.

అపోహ: దిగి నడిస్తే ఓడిపోయినట్టే

1910లో టూర్ డి ఫ్రాన్స్ మొదటిసారి పిరనీస్ పర్వతాల్లోని టూర్మలే కనుమ ఎక్కింది. ఆ ఏడాది విజేత ఆక్టావ్ లాపీజ్ అక్కడ కొంత దూరం దిగి నడిచాడు. వేగం గంటకు 5 కిలోమీటర్లకు పడిపోయి, హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంటే దిగేయండి. లారీ వెనకుండగా వంకరటింకరగా తొక్కడం కంటే నడక ఎంతో నయం.

మళ్ళీ ఎక్కడం తెలియకే చాలామంది దిగడానికి భయపడతారు. వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుని సైకిల్‌ను రోడ్డుకు ఐమూలగా నిలపండి. వెనక చక్రం లేపి, చేత్తో పెడల్ తిప్పి, అన్నిటికంటే చిన్న గేరులో పెట్టుకోండి. తర్వాత రెండు బ్రేకులూ పట్టుకుని, ఒక పెడల్‌ను ముందుకు పైకి తెచ్చి కాలు పెట్టండి. బ్రేకు వదులుతూ, బలంగా ఒక్క తొక్కు తొక్కుతూ సీటు మీద కూర్చోండి. రెండో కాలు పెడల్ అందుకున్నాకే సైకిల్‌ను పైకి తిప్పాలి.