శవపేటిక వెనక మొదట ఎవరు నడవాలి? ఫ్రాన్స్ రాజవంశంలో తెగని దాయాదుల తగవు

ఫ్రాన్స్‌లో ప్రభుత్వాలు నిలబడటం లేదు. 2024 జూన్‌లో పార్లమెంటును రద్దు చేసి ఎన్నికలు పెట్టిన దగ్గర్నుంచి ఇదే వరస. ప్రధాని బార్నియే ఆ ఏడాది డిసెంబరులో పడిపోయారు. బైరూ 2025 సెప్టెంబరులో పడిపోయారు. తర్వాత వచ్చిన లెకోర్నూ నెల తిరక్కుండానే రాజీనామా చేసి, నాలుగు రోజులకే మళ్లీ ప్రధాని అయ్యారు. ఇలాంటి అయోమయం వచ్చినప్పుడల్లా అక్కడ ఒక పాత ప్రశ్న తలెత్తుతుంది: రాజు ఉండి ఉంటే? దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: ఏ రాజు?

బొనపార్ట్ వారసుల సంగతి పక్కన పెడితే హక్కుదారులు ఇద్దరు. ఒకరు జాన్ డోర్లియాన్, పారిస్ కౌంట్, 1965లో పుట్టారు. ఓర్లియాన్ శాఖకు ఇప్పుడు పెద్ద. రెండోవారు లూయీ అల్ఫోన్స్ ద బూర్బన్. ఆంజూ డ్యూక్ అని పిలిపించుకుంటారు. 1974లో మాడ్రిడ్‌లో పుట్టారు. తల్లి వైపు నుంచి స్పెయిన్ నియంత ఫ్రాంకోకు మునిమనవడు. మగవాళ్ల వరసలో లూయీ అల్ఫోన్స్ పద్నాలుగో లూయీ మనవడి సంతతి, జాన్ పద్నాలుగో లూయీ తమ్ముడి సంతతి. పెద్దవాడి వంశం, చిన్నవాడి వంశం అన్న లెక్క ఒక్కటే చూస్తే తేలిపోవాల్సిన తగవు ఇది. మూడు వందల ఏళ్లుగా తేలలేదంటే లెక్క అంత సులువు కాదనే అర్థం.

వెర్సాయ్ వైభవం, విప్లవం, గిలటిన్ పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవే కాబట్టి మళ్లీ చెప్పను. చాలామంది ఈ తగవును స్పెయిన్ వారసత్వ యుద్ధాన్ని ముగించిన 1713 నాటి యూట్రెక్ట్ ఒప్పందంతో మొదలుపెడతారు. కాగితం మీద మూలం అదే. కానీ మనుషుల మధ్య ఇది తగవుగా మారింది 1883లో, ఆగస్టు 24కూ సెప్టెంబరు 3కూ మధ్యన. ఒక చావు, ఒక అంత్యయాత్ర, భర్త పోయిన ఒక ఆవిడ పట్టుదల. ఆ కొద్ది రోజులు అర్థమైతే ఇవాళ్టి గొడవ చాలావరకు అర్థమవుతుంది.

ఆగస్టు 24న, వియన్నాకు దక్షిణాన ఉన్న ఫ్రోస్‌డోర్ఫ్ కోటలో షాంబోర్ కౌంట్ ఆన్రీ చనిపోయాడు. అభిమానులకు అతను ఐదో ఆన్రీ. వయసు అరవై రెండు. 1830లో గద్దె దిగిన పదో షార్ల్‌కు మనవడు, ఫ్రాన్స్‌ను ఏలిన బూర్బన్ పెద్ద శాఖలో చివరి మగవాడు. పిల్లలు లేరు. పదేళ్లు నిండకుండానే దేశం విడిచిపోయి, తక్కిన జీవితం దాదాపు అంతా పరాయి గడ్డ మీదే గడిపాడు.

అతని తర్వాత ఎవరన్న విషయంలో అప్పటికి పెద్ద అనుమానాలేం లేవు. సరిగ్గా పదేళ్ల కిందట, 1873 ఆగస్టు 5న, ఓర్లియాన్ శాఖ పెద్ద అయిన పారిస్ కౌంట్ ఫిలిప్ అదే ఫ్రోస్‌డోర్ఫ్‌కు వెళ్లి ఆన్రీని వంశానికి పెద్దగా ఒప్పుకున్నాడు. చిన్న పని కాదది. ఫిలిప్ తాత లూయీ-ఫిలిప్ పద్దెనిమిదేళ్లు ఫ్రాన్స్‌ను ఏలిన రాజు. ఆ రాజు మనవడు తన తాత పాలననే పక్కన పెట్టి దాయాది ముందు తలవంచాడు. బదులుగా పైకి ఎవరూ అనకపోయినా అందరికీ అర్థమైంది ఒకటే: ఆన్రీకి పిల్లల్లేరు కాబట్టి తర్వాత ఫిలిప్. ఆన్రీ ఆ మాట అందరి ముందూ స్పష్టంగా ప్రకటించలేదు. కాదనీ అనలేదు. 1883 జులైలో జబ్బు ముదిరిందని తెలిసి ఫిలిప్ మళ్లీ వెళ్తే, మంచం మీదున్న ఆన్రీ అతన్ని దగ్గరికి తీసుకుని కౌగిలించుకున్నాడు.

కొద్ది వారాల తర్వాత అంత్యక్రియలు వచ్చాయి. ఆన్రీని పూడ్చాల్సింది గోరిజియాలో, పదో షార్ల్ సమాధి పక్కన. ఇప్పుడా మఠం స్లొవేనియా వైపు నోవా గోరిట్సాలో ఉంది. యాత్రలో శవపేటిక వెనక మొదట నడిచేది తానేనని ఫిలిప్ అనుకున్నాడు. రాజవంశానికి పెద్దగా అది తన స్థానం. ఆన్రీ భార్య, షాంబోర్ కౌంటెస్ మరియా తెరీజా ఒప్పుకోలేదు. ఇది కుటుంబంలో జరిగే కార్యం, రక్తసంబంధంలో దగ్గరివాళ్లే ముందు నడుస్తారు అని చెప్పించింది. మన ఊళ్లలో కొడుకు లేని పెద్దాయన పోయినప్పుడు తలకొరివి ఎవరు పెట్టాలన్న దగ్గర ఎంత టెన్షన్ ఉంటుందో తెలిసినవాళ్లకు ఇందులో ఉన్న అర్థం విప్పి చెప్పక్కర్లేదు. ఫ్రోస్‌డోర్ఫ్‌లో ప్రార్థనకు వచ్చిన ఫిలిప్ గోరిజియాకు పోకుండా వెనక్కి తిరిగాడు. సెప్టెంబరు 3న అతను లేకుండానే ఖననం జరిగిపోయింది.

ఆవిడ ఎవరో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. మరియా తెరీజా ఇటలీలోని మొదెనా రాజ్యాన్ని ఏలిన నాలుగో ఫ్రాన్సిస్ కూతురు. 1830లో లూయీ-ఫిలిప్ ఫ్రాన్స్ రాజైతే యూరప్ పాలకులు ఒకరి తర్వాత ఒకరు గుర్తించారు, ఈ ఫ్రాన్సిస్ మాత్రం గుర్తించలేదు. అంటే ఓర్లియాన్ వాళ్ల మీద కోపం ఆవిడకు పుట్టింటి నుంచే వచ్చింది. ఆవిడ చెల్లెలు మరియా బెయాత్రీస్ భర్త పేరు హువాన్, మొంతిసోన్ కౌంట్, స్పెయిన్ బూర్బన్ శాఖవాడు. వాళ్ల కొడుకు కార్లోస్ అప్పటికే స్పెయిన్ సింహాసనం కోసం అంతర్యుద్ధం చేసి ఓడిపోయినవాడు. ఆన్రీ పోగానే, ఓర్లియాన్‌లను భరించలేని కొద్దిమంది ఫ్రాన్స్ రాజుగా ఎవరిని ఎంచుకున్నారంటే ఈ హువాన్‌నే. ఆవిడకు మరిది లాంటివాడు. తర్వాతి వారసుడు చెల్లెలి కొడుకు. శాస్త్రం ప్రకారం అతనే పెద్ద వరస అని వాళ్ల వాదన. నిజమే కావచ్చు, కానీ ఈ చుట్టరికాన్ని పక్కన పెట్టి కేవలం శాస్త్రం గురించే మాట్లాడితే కథ సగమే చెప్పినట్టు.

హువాన్‌కు ఈ కిరీటం మీద పెద్దగా ధ్యాస ఉన్నట్టు కనపడదు. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు. ఫొటోగ్రఫీ తొలిరోజుల్లోనే కెమెరా పట్టిన మనిషి. 1852లో లండన్ జూలో నీటిగుర్రం పడుకుని ఉండగా అతను తీసిన ఫొటోను ఇప్పటికీ ఫొటోగ్రఫీ చరిత్రలో చూపిస్తారు. 1887లో ఇంగ్లండ్‌లోనే పోయాడు. 1883లో ఫ్రాన్స్ రాజరికవాదుల్లో ఎక్కువమంది వెళ్లింది పారిస్ కౌంట్ వైపే. హువాన్ వైపు ఉన్నవాళ్లను తక్కినవాళ్లు 'స్పెయిన్ తెల్లజెండాల వాళ్లు' అని ఎగతాళి చేసేవారు (తెల్లజెండా బూర్బన్ రాజుల గుర్తు). ఇవాళ లూయీ అల్ఫోన్స్ వెనకున్న వాదన ఆ గుప్పెడు మంది బతికించిందే.

ఇంతకీ అంత పగ ఎందుకు? దీనికి రెండు తేదీలు వెనక్కి వెళ్లాలి.

మొదటిది 1793 జనవరి. పదహారో లూయీకి మరణశిక్ష వెయ్యాలా వద్దా అని విప్లవకాలపు పార్లమెంటు అయిన కన్వెన్షన్‌లో ఓటు పెట్టినప్పుడు, 'ఎగాలితే' అని పేరు మార్చుకున్న ఓర్లియాన్ డ్యూక్ ఫిలిప్ శిక్షకే ఓటేశాడు. సొంత వంశం రాజును చంపడానికి చెయ్యెత్తిన దాయాది. అదే ఏడాది నవంబరు 6న అతని తలా గిలటిన్ కిందే పోయింది. అయినా పెద్ద శాఖ అభిమానులు ఆ ఓటును మరిచిపోలేదు, ఇవాళ్టికీ మరిచిపోలేదు. ఇందులో ఓర్లియాన్ వాళ్లను వెనకేసుకురావడానికి ఏమీ లేదు. తండ్రి ఓటేసినప్పుడు కొడుకు లూయీ-ఫిలిప్‌కు పందొమ్మిదేళ్లు, విప్లవ సైన్యంలో అధికారి. కొద్ది నెలల్లోనే దేశం విడిచి పారిపోయి, మారుపేరుతో స్విట్జర్లండ్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పుకుని బతికాడు.

రెండోది 1830 ఆగస్టు. జులై తిరుగుబాటుతో పారిస్ చేజారాక, పదో షార్ల్ ఆగస్టు 2న రాంబుయే కోటలో గద్దె వదులుకుంటూ లూయీ-ఫిలిప్‌కు లేఖ రాశాడు. తన మనవణ్ని, అప్పటికి పదేళ్లు కూడా నిండని ఆన్రీని, ఐదో ఆన్రీగా ప్రకటించమని కోరాడు. మరునాడు సభల ముందు లూయీ-ఫిలిప్ రాజు, యువరాజు తప్పుకున్న సంగతి చెప్పాడు, పిల్లవాడి పేరెత్తలేదు. ఆగస్టు 7న ప్రజాప్రతినిధుల సభ 219 ఓట్లతో కిరీటాన్ని అతనికే ఇచ్చింది, వ్యతిరేకంగా పడినవి 33. తొమ్మిదో తారీకున అతను 'ఫ్రాన్స్ రాజు' కాదు, 'ఫ్రెంచివాళ్ల రాజు' అయ్యాడు.

పెద్ద శాఖవాళ్లకు ఇది పసివాడి ఆస్తి కాజెయ్యడం. ఓర్లియాన్‌ల వైపు నుంచి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది, దాన్ని ఎవరూ ఓపిగ్గా వినరు. వీధుల్లో బారికేడ్లున్నాయి. విప్లవం నాటి మూడు రంగుల జెండా మళ్లీ ఎగిరింది. పారిస్‌లో సగం మంది గణతంత్రం కావాలంటున్నారు. పదేళ్ల పిల్లవాడి పేరుతో రాజ్యం నడపడానికి ఆ రోజు ఎవరు ఒప్పుకునేవారు? లూయీ-ఫిలిప్ కిరీటం తీసుకోకపోతే ఆన్రీకి దక్కేదన్న నమ్మకానికి ఆధారం లేదు, అసలు కిరీటమే మిగిలేది కాదు. అయితే లేఖలో ఉన్న పేరు పలకకపోవడం మాత్రం అతని వెంట పడి, 1848లో గద్దె దిగి ఇంగ్లండ్ పారిపోయినప్పుడూ వదల్లేదు, గోరిజియాలో మనవడి దాకా వచ్చింది.

ఇక్కడే 1873 సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఓర్లియాన్‌లకు వ్యతిరేకంగా తరచూ తిప్పి చెబుతారు. 1871 ఎన్నికల్లో గెలిచిన సభలో రాజరికవాదులదే మెజారిటీ. దాయాదులు రాజీ పడ్డారు. ఆన్రీ 'ఊఁ' అంటే చాలు, రాజు. ఆయన పట్టు ఒక్కటే: మూడు రంగుల జెండా వద్దు, ఐదో ఆన్రీ అయినవాడు నాలుగో ఆన్రీ తెల్లజెండాను వదులుకోడు. 1873 అక్టోబరు 27 నాటి లేఖతో అంతా ముగిసింది. పట్టాభిషేకానికని చేయించిన బండ్లు ఎప్పుడూ రోడ్డెక్కలేదు, ఇప్పుడవి షాంబోర్ కోటలో సందర్శకులు చూసే వస్తువులు. పదిహేను నెలల తర్వాత, 1875 జనవరి 30న, గణతంత్రాన్ని చట్టంలోకి తెచ్చిన సవరణ 353-352తో నెగ్గింది, ఒకే ఒక్క ఓటు తేడా. రాజరికాన్ని మళ్లీ తెచ్చే అవకాశాన్ని పోగొట్టింది ఓర్లియాన్‌లు కాదు, పెద్ద శాఖలో చివరివాడే. తాత గద్దెను పక్కన పెట్టి దాయాదికి దారి ఇచ్చింది పారిస్ కౌంట్. కౌంటెస్ అంత్యయాత్రలో వెనక్కి తోసింది అతన్నే.

ఇక చట్టం మాట. స్పెయిన్ రాజైన ఐదో ఫిలిప్, అంటే లూయీ అల్ఫోన్స్ పూర్వీకుడు, 1712 నవంబరులో ఫ్రాన్స్ సింహాసనం మీద హక్కు వదులుకున్నాడు. 1713 మార్చిలో పారిస్ పార్లమాఁ, అంటే అప్పటి ఉన్నత న్యాయస్థానం, దాన్ని నమోదు చేసింది. యుద్ధం ఆగడానికి పెట్టిన షరతే అది. ఆంజూ వర్గం అంటుంది: కిరీటం ఎవరి సొంత ఆస్తీ కాదు, కాబట్టి దాన్ని వదులుకునే హక్కు ఎవరికీ లేదు. ఓర్లియాన్ వర్గం అంటుంది: దేశాల మధ్య ఒప్పందం, పైగా నమోదైంది, పైగా పరదేశ రాజులైపోయిన వంశం ఫ్రాన్స్‌కు పరాయిదే. ఈ ప్రశ్న విప్లవం రోజుల్లోనే సభ ముందుకొచ్చింది. 1791 రాజ్యాంగంలో సింహాసన వారసత్వం చెప్పే చోట బ్రాకెట్‌లో ఒక వాక్యం పెట్టారు: ఇప్పుడు ఏలుతున్న వంశంలో హక్కు వదులుకోవడాల ప్రభావం గురించి ఇక్కడ ముందుగా ఏమీ తేల్చడం లేదు అని. రాజు తల మీద కిరీటం ఉన్నప్పుడే తేల్చకుండా వదిలేసిన ముడి అది.

1883 తర్వాత రెండు దారులూ చాలా దూరంగా పోయాయి. ఓర్లియాన్ దారి ఫ్రాన్స్‌తోనే ముడిపడింది, బాధపడుతూనే ముడిపడింది. 1886 జూన్ 22న గణతంత్రం ఒక చట్టం చేసి, ఒకప్పుడు ఏలిన వంశాల పెద్దలనూ వాళ్ల పెద్ద కొడుకులనూ దేశం నుంచి వెళ్లగొట్టింది. ఫిలిప్ 1894లో ఇంగ్లండ్‌లో పోయాడు. అతని కొడుకు 1926లో పలెర్మోలో, తర్వాతి పెద్ద గీజ్ డ్యూక్ 1940లో మొరాకోలో పోయారు. 1950లో చట్టం రద్దయ్యాకే కుటుంబ పెద్ద ఫ్రాన్స్‌లో కాలు పెట్టగలిగాడు. ఒక దేశపు చట్టం అరవై నాలుగేళ్ల పాటు భయపడి బయట ఉంచింది ఎవరినో చూస్తే, అప్పటి ఫ్రాన్స్ ఎవరిని నిజమైన హక్కుదారుగా లెక్కేసిందో తెలుస్తుంది.

రెండో దారి స్పెయిన్ గొడవల్లో తిరిగింది. కార్లోస్ వరసలో చివరివాడు 1936లో వియన్నాలో వాహనం ఢీకొని చనిపోయాడు. అప్పుడు పెద్దరికం స్పెయిన్ మాజీ రాజు పదమూడో అల్ఫోన్సోకు వెళ్లింది, ఏ వంశంతో కార్లోస్ వాళ్లు యుద్ధం చేశారో ఆ వంశానికే. తర్వాత అతని కొడుకు హైమే 1946లో ఆంజూ డ్యూక్ బిరుదు పెట్టుకున్నాడు. హైమే కొడుకు అల్ఫోన్సో 1989 జనవరిలో అమెరికాలో స్కీయింగ్ చేస్తూ అడ్డంగా ఉన్న తీగ తగిలి మరణించాడు. లూయీ అల్ఫోన్స్ ఆయన కొడుకే, అప్పటికి పద్నాలుగేళ్లు. నాయనమ్మ ఫ్రెంచి కాబట్టి ఆయనకు ఫ్రాన్స్ పౌరసత్వమూ ఉంది. పరాయివాడన్న విమర్శకు వాళ్లిచ్చే జవాబు అదే.

ఓర్లియాన్‌లు ఒకసారి ఈ తగవును కోర్టుకూ తెచ్చారు. ఆంజూ డ్యూక్ బిరుదు, రాజచిహ్నంలోని మూడు బంగారు లిల్లీ పూలు ఏ తేడా గుర్తూ లేకుండా వాడుకోవడం తప్పంటూ అల్ఫోన్సో మీద వేసిన దావా అది. 1988 డిసెంబరులో పారిస్ కోర్టు కొట్టేసింది. వంశాల పోటీలో తీర్పు చెప్పడం గణతంత్ర న్యాయస్థానం పని కాదంది. ఓర్లియాన్‌లు చిన్న శాఖ కాబట్టి చిహ్నంలో అడ్డపట్టీ పెట్టుకునేవారని, రాజైన లూయీ-ఫిలిప్ కూడా అలాగే వాడాడని గుర్తు చేసింది. 1989లో అప్పీలూ నిలవలేదు. ఆంజూ వర్గం ఈ తీర్పును తమ గెలుపుగా చూపిస్తుంది. కోర్టు వాళ్లకు బిరుదూ ఇవ్వలేదు, సింహాసనమూ ఇవ్వలేదు.

జాన్ తండ్రి, అంతకు ముందు పారిస్ కౌంట్ అయిన ఆన్రీ, 2019 జనవరి 21న చనిపోయారు. పదహారో లూయీ తల తెగిన తేదీ కూడా జనవరి 21. ఏటా ఆ రోజున చనిపోయిన రాజు కోసం జరిగే ప్రార్థనల దగ్గర ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరిని ఏ పేరుతో పిలిచారు అని రెండు వర్గాలూ ఇప్పటికీ లెక్కలు తీసుకుంటాయి. జాన్‌కు కొడుకులున్నారు, లూయీ అల్ఫోన్స్‌కూ కొడుకులున్నారు. 1883లోలాగా ఒక శాఖ వారసుడు లేక అంతరించి, రెండోవాళ్లకు దారి వదిలే అవకాశం ఇప్పట్లో లేదు.