చట్టానికి అందని జన్యు తుపాకీ

2011 జులైలో అమెరికా వ్యవసాయ శాఖ చిత్రమైన జవాబొకటి ఇచ్చింది. గ్లైఫోసేట్ కలుపుమందును తట్టుకునేలా స్కాట్స్ కంపెనీ మార్చిన కెంటకీ బ్లూగ్రాస్ అనే పచ్చిక తన నియంత్రణ పరిధిలోకి రాదంది. ఆ గడ్డి వల్ల ముప్పు లేదని తేలి కాదు. అందులోకి ఎక్కించిన జన్యువులు ఎక్కడివి, ఎలా ఎక్కించారు అన్నదే లెక్కలోకి వచ్చింది.

ఈ లెక్క అర్థం కావాలంటే ఒక బాక్టీరియా కథ తెలియాలి. మొక్కల మొదళ్లలో కణితులు పుట్టించేది అగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియా అని 1907లోనే అమెరికా శాస్త్రవేత్తలు ఎర్విన్ స్మిత్, టౌన్‌సెండ్ తేల్చారు. ఎలా పుట్టిస్తుందో తెలియడానికి మరో 70 ఏళ్లు పట్టింది. ఆ గుణం ఒక పెద్ద ప్లాస్మిడ్‌లో, అంటే బాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ చుట్టలో ఉందని 1974లో బెల్జియంలోని గెంట్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ ప్లాస్మిడ్ ముక్క మొక్క కణంలోకి చేరి అక్కడే ఉండిపోతుందని 1977లో సియాటిల్‌లో మేరీ డెల్ చిల్టన్ బృందం చూపింది. మనిషి కన్నా ముందే అగ్రోబాక్టీరియం జన్యు మార్పిడి చేస్తోందన్నమాట! కణితి జన్యువులను తీసేసి కావలసినవి పెట్టడం 1983కల్లా సాధ్యమైంది.

అయితే వరి, మొక్కజొన్న, గడ్డి జాతుల జోలికి ఆ బాక్టీరియా సహజంగా పోదు. 1994లో జపాన్ పరిశోధకులు వరిని లొంగదీసేదాకా ఇది పెద్ద చిక్కే. ఈలోగా కార్నెల్ యూనివర్సిటీలో జాన్ శాన్‌ఫర్డ్ బృందం మొరటు దారి పట్టింది. డీఎన్‌ఏ పూసిన టంగ్‌స్టన్ రేణువులను తుపాకీ మందు పేల్చి ఉల్లిపాయ కణాల్లోకి దూర్చింది. ఇదే జన్యు తుపాకీ. 1987లో ఆ ఫలితం అచ్చయింది. తర్వాత తుపాకీ మందు స్థానంలో హీలియం, టంగ్‌స్టన్‌కు బదులు బంగారం వచ్చాయి. ఈ దెబ్బకు చాలా కణాలు చస్తాయి, జన్యువు ముక్కలై చొరబడుతుంది. కానీ ఈ తుపాకీకి మొక్కల జాతిభేదం లేదు.

అదే 1987లో అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనలు తెచ్చింది. వాటికి ఆధారం మొక్కల చీడపీడల చట్టం. అగ్రోబాక్టీరియం చీడల జాబితాలో ఉంది కనుక దానితో మార్చిన మొక్క శాఖ పరిధిలోకి వచ్చేది. స్కాట్స్ వాడింది జన్యు తుపాకీ, ఎక్కించినవి మొక్కల జన్యువులు. చీడ ఊసే లేదు! మొక్క ఏం చేస్తుందన్న అసలు ప్రశ్నను వదిలేసిన కొలబద్ద ఇది. 2020లో దాన్ని మార్చి మొక్క లక్షణానికి ప్రాధాన్యమిచ్చారు. 2024 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఆ మార్పును కొట్టేయడంతో పాత నిబంధనలే తిరిగొచ్చాయి.

జన్యు మార్పిడిపై మన దేశపు 1989 నిబంధనలకు తుపాకీ, బాక్టీరియా రెండూ ఒకటే. 2022లో ఇచ్చిన మినహాయింపు పరాయి డీఎన్‌ఏ మిగలని జన్యు సవరణ మొక్కలకే, అంటే సొంత జన్యువులనే దిద్దినవాటికే. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబమసూరి నుంచి తయారుచేసిన ‘కమల’ వంగడం 2025 మేలో ఆ దారిలోనే బయటికొచ్చింది.