దిద్దుబాటు మీద మీ వ్యాసాలు, అమ్మమ్మ ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట

బంగారుతల్లికీ, చిన్నోడికీ,

మీ ఇద్దరూ పంపిన వ్యాసాలు ఫోన్‌లో చదవలేక కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని రెండేసి సార్లు చదివానర్రా, బాగున్నాయి, కానీ ఇవి మొదటి డ్రాఫ్టులు, మొదటి డ్రాఫ్టులో మనం రాసేది చాలావరకు మనకి ఎవరో చెప్పిందే, మన చూపు అక్కడ ఇంకా మొదలవ్వదు.

అమ్మడూ, నువ్వు "కమలిని తన తెలివితో భర్తని మార్చింది" అని రాశావు. నేనూ కాలేజీలో అచ్చం అలాగే రాశా, మార్కులు కూడా వచ్చాయి. ఇప్పుడు ఆ వాక్యం కింద గీత గీసి కథ మళ్ళీ తెరువు. గురజాడ 1910లో రాసిన ఆ దిద్దుబాటు కథంతా కమలిని భర్త గోపాల్రావు వెంటే నడుస్తుంది, అర్ధరాత్రి ఇంటికొచ్చేది అతను, కంగారు పడేది అతను, కమలిని మనకి దొరికేది పుట్టింటికి వెళ్ళిపోతున్నానని రాసిపెట్టిన ఒక ఉత్తరంలోనూ, చివర్లో దాక్కున్న మంచం కింద నవ్వులోనూ మాత్రమే. అంతసేపు ఆ మంచం కింద ఆవిడ ఏమనుకుని ఉంటుంది? అతను రాత్రి ఆట చూడ్డానికెళ్ళిన సానివాళ్ళకి కథలో నోరుందా? మధ్యలో దెబ్బలు తిన్న నౌకరు రాముడి సంగతి మీ ఇద్దరిలో ఒక్కరూ రాయలేదు, అది నాకు బాధేసింది.

ఇవి అడిగితే గురజాడ చిన్నవాడైపోడు, భయపడకండి.

చిన్నోడా, నువ్వు తొలితరం రచయిత్రి భండారు అచ్చమాంబ గారిని "కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క" అని పరిచయం చేశావు. అబద్ధం కాదు, పెద్ద పండితుడైన ఆ తమ్ముడే ఆవిడకి చదువు నేర్పాడు, అది తీసెయ్యొద్దు. కానీ లక్ష్మణరావు గారి మీద రాసేటప్పుడు "అచ్చమాంబ తమ్ముడు" అని మొదలుపెడతావా? మన నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టిన మనిషి, 1901లో ఆడవాళ్ళ జీవిత చరిత్రలతో "అబలా సచ్చరిత్ర రత్నమాల" వేసింది, 1902లో "ధనత్రయోదశి" కథ రాసింది, అంటే దిద్దుబాటు కంటే 8 ఏళ్ళ ముందు. మా రోజుల్లో తెలుగులో మొదటి కథ ఏదంటే దిద్దుబాటే అని కళ్ళు మూసుకుని రాసేవాళ్ళం, పాత పత్రికలు వెతికి ఆవిడ కథల్ని బయటికి తెచ్చాకే ఆ మాట మీద వాదన నడిచింది.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండిట్లోనూ భార్యే భర్తని దిద్దుతుంది. ధనత్రయోదశిలో భర్త తెచ్చిన దొంగసొమ్ము వద్దని ఆవిడ ఎదురుగా నిలబడి చెప్తుంది, కమలిని కాగితం మీద చెప్తుంది. ఈ తేడా నాకు చాలా ఇష్టం. అయినా ఆడవాళ్ళు రాసింది కదాని అచ్చమాంబ గారిని వదిలెయ్యకండి, మగాణ్ణి మంచివాణ్ణి చేసే పని ప్రతిసారీ భార్య నెత్తినే ఎందుకు పడుతోందని ఆవిణ్ణీ అడగండి.

ఇంకోటి, మీ వ్యాసాల్లో క్రియలు చూసుకోండి. "చదువు చెప్పించారు", "పెళ్ళి చేశారు" అని వరసగా రాసుకుంటూ పోయారు, అచ్చమాంబ గారు తనంతట తాను చేసిన పనికి ఒక్క క్రియ లేదు. అది దిద్దుతుంటే మీ ఆలోచనే మారుతుంది, నాకలాగే మారింది, చెప్తే నమ్మరు.

పాత డ్రాఫ్టు డిలీట్ చెయ్యకండి. ఆదివారం విజయవాడ నుంచి వచ్చేటప్పుడు రెండూ తీసుకురండి, గోంగూర పచ్చడి నూరి ఉంచుతా, కూర్చుని చూద్దాం.

మీ అమ్మమ్మ