గుల్లబారడమా, పెళుసుబారడమా?

మూడేళ్ల కింద చంద్రపూర్ జిల్లా రాజురాలో మా పెద్దమ్మ తడి గచ్చు మీద జారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. చూడటానికి వచ్చిన మనవాళ్లు "ఎముకలు గుల్లబారినయ్" అన్నారు. పక్కింటి మరాఠీ ఆవిడ "హాడే ఠిసూళ్ ఝాలీ" అంది. ఠిసూళ్ అంటే పెళుసు. రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే కాబట్టి అక్కడ రెండు భాషలూ కలిసే నడుస్తాయి. ఇద్దరూ ఒకే మాట అన్నారనుకున్నాను. కాదట. గుల్ల అంటే ఎముకలో ఖనిజం తగ్గడం, పెళుసు అంటే తేలిగ్గా విరగడం.

కట్టు విప్పాక డెక్సా స్కాన్ తీయించాం, అంటే ఎముకలో ఖనిజం ఎంత దట్టంగా ఉందో ఎక్స్‌రే కిరణాలతో కొలిచే పరీక్ష. టీ-స్కోర్, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, మైనస్ 1.9 వచ్చింది. మైనస్ 2.5కి దిగితేనే ఆస్టియోపోరోసిస్ అనే ఎముకల గుల్ల జబ్బు కింద లెక్క. "అంత టెన్షన్ అక్కర్లేదు" అని పంపేశారు. మరి విరిగిన చెయ్యి సంగతి?

ఆ 2.5 గీతకు పెద్ద వయసేం లేదు. మొదట్లో ఉన్నది మామూలు ఎక్స్‌రే ఒక్కటే. ఎముకలో దాదాపు మూడో వంతు ఖనిజం పోతే గానీ అందులో తెలిసేది కాదు. 1963లో అమెరికాలో కామెరాన్, సోరెన్సన్ ముంజేతి గుండా సన్నని కిరణం పంపి, ఎంత ఆగిపోయిందో చూసి ఖనిజాన్ని లెక్కగట్టారు. 1970లో సింగ్, నాగ్రత్, మైనీ ఇంకో దారి పట్టారు. తుంటి ఎక్స్‌రేలో కనిపించే ఎముక గీతలు ఏ వరుసలో చెరిగిపోతున్నాయో చూసి ఆరు మెట్లుగా విడగొట్టారు. కంటితో చూసి చెప్పేది కనుక చూసేవాళ్లను బట్టి మెట్టు మారేది. అయినా వాళ్లు వెతికింది ఎముక అల్లికను. 1980ల చివర డెక్సా రావడంతో అందరి చూపూ అంకె మీదికి మళ్లింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోల్చి మైనస్ 2.5 దగ్గర గీత గీశారు. ఏ జనాభాలో జబ్బు ఎంతుందో పోల్చడానికి పనికొచ్చిన ఆ గీతే మందు రాయడానికీ హద్దయి కూర్చుంది. కానీ ఎముకలు విరిగినవాళ్లలో సగానికి పైగా ఆ గీత దాటనివాళ్లే.

ఈ చిక్కు మన వైపు వాళ్లకు బాగా అర్థం కావాలి. చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల్లో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది ఒంట్లో పేరుకుంటే ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. మనిషి మాత్రం నడుం వంచలేడు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే లోకానికి చెప్పారు. ఎముకను దట్టం చేస్తుంది కదా అని అదే ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రిగ్స్ బృందం 202 మంది మహిళల మీద నాలుగేళ్లు చేసిన పరీక్ష ఫలితం బయటపెట్టింది. నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మిగతా ఎముకలు విరిగిన ఘటనలు మందు వాడినవాళ్లలో 72, వాడనివాళ్లలో 24. గుల్ల పూడింది, పెళుసు పెరిగింది. ఎముక బలమంటే సాంద్రతా, నాణ్యతా రెండూ అని 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు రాసుకుంది.

అంకె ఇంకోలా కూడా మోసం చేస్తుంది. ముసలితనంలో వెన్నులో మొలిచే ఎముక ముళ్లు, కుంగిన పూసలు స్కోరును పెంచేస్తాయి. అందుకే తుంటి అంకె ఎక్కువ నమ్మదగ్గది. ఉచిత శిబిరాల్లో మడమకు పెట్టే అల్ట్రాసౌండ్ మిషన్‌కు ఈ 2.5 గీత అసలు వర్తించదు. అయినా ఆ చీటీ పట్టుకుని ఎంతమంది మందులు కొంటున్నారో!

2008లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం ఫ్రాక్స్ అనే లెక్క తెచ్చింది. వయసు, బరువు, ఇంతకుముందు ఎముక విరిగిందా, స్టెరాయిడ్ మందులు వాడారా, పొగ తాగుతారా, తల్లిదండ్రులకు తుంటి విరిగిందా వంటివి అడిగి, వచ్చే పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని శాతంలో చెబుతుంది. స్కాన్ లేకున్నా నడుస్తుంది. భారతీయులకు వేరే నమూనా ఉంది.

పోయినేడు ఇంకో డాక్టరు పెద్దమ్మను ఇవే అడిగాడు. వయసు దగ్గరే ఆగింది. "రజాకార్ల గడబిడల పుట్టిన" అందామె. డెబ్బై అయిదు అని రాయించాం. తల్లికి తుంటి విరిగిందా అంటే తలాడించింది, లేదని. "అమ్మను బర్రె తోస్తే పడ్డది, మంచం పట్టి మళ్ల లేవలే, గంతే." డాక్టరు ఒక్క క్షణం ఆగి, అవును అనే గడిలో టిక్కు పెట్టాడు.